ఫ్లీడర్ గుణాలూ, వీబ్కె ప్రభావమూ

మనిషిని కనడానికి ఏ సంఘం అనుమతీ అక్కర్లేదు. గుర్రాన్ని కనాలంటే మాత్రం ఉత్తర జర్మనీలో అరవై ఎనిమిది గుణాలు తూచి, ముగ్గురు టోపీలవాళ్లు సంతకాలు పెట్టాలి. ఇందులో అన్యాయమేమీ లేదు. మనిషి నాలుగడుగుల అడ్డకర్ర దూకుతాడని ఎవరూ ఆశపడరు. (దూకినా ఎవరూ కొనరు.)

వేజర్ నది పక్క పల్లపు పొలాల్లో అరవై పాడి ఆవులతో బతికే వీబ్కె రాత్యెన్స్ ఈ మాట మనస్ఫూర్తిగా ఒప్పుకుంటుంది. ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు. ఆవులు కడుపు నింపుతాయి. మనసు నింపేది మాత్రం అమ్మమ్మ నాటి నుంచి ఆ ఇంట్లో తల్లి నుంచి కూతురికి దిగివస్తున్న గుర్రాల వరస. ఆ వరసలో ఇప్పుడు మిగిలింది మూడేళ్ల ఫ్లీడర్ ఒక్కతే. గుర్రాల పెంపకపు సంఘంవారి పెద్ద పుస్తకంలోకి అది ఎక్కితే వంశం సాగుతుంది. ఎక్కకపోతే దానికి పుట్టే పిల్లలు గడ్డి తినవచ్చు, పరిగెత్తవచ్చు, కాగితం మీద మాత్రం పుట్టనట్టే లెక్క.

పూర్వం ఈ పని ఒక ముసలాయన చూసేవాడు. గుర్రం చుట్టూ ఒకసారి తిరిగి, నోట్లోంచి పైపు తీసి "ఊఁ" అనేవాడు. ఊఁ అంటే ఎక్కినట్టు. పైపు తియ్యలేదంటే ఎక్కనట్టు. ఇందులో శాస్త్రం లేదని కొందరు గొడవ చేశారు. అందుచేత శాస్త్రం వచ్చింది.

ఆ మే నెల మంగళవారం ఫ్లీడర్‌ని పరీక్షకి స్వారీశాలకి నడిపించుకొచ్చినవాడు వీబ్కె చెల్లెలి మొగుడు హార్మ్. తెల్ల ప్యాంటు తొడుక్కున్నాడు. (గుర్రాన్ని పట్టుకునేవాడు తెల్లగా ఉండాలని నిబంధన. గుర్రానికి ఆ నిబంధన తెలియదు. పది నిమిషాల్లో ఒక మోకాలు ఆకుపచ్చ, ఒక మోకాలు గోధుమరంగు.)

"మెడ, ప్లస్ రెండు," అని చేతిలోని టాబ్లెట్ తెర మీద నొక్కాడు ప్రధాన పరీక్షకుడు డాక్టర్ క్విస్టోర్ప్.

"ప్లస్ అంటే మంచిదేనాండీ?" అంది వీబ్కె.

"ప్లస్ అంటే పొడుగు."

"పొడుగు మంచిదేనా?"

"మేం వర్ణిస్తామమ్మా. తీర్పు చెప్పం."

"మరి తీర్పెవరు చెబుతారు?"

ఆయన టాబ్లెట్ వంక భక్తిగా చూశాడు.

తర్వాత దూకడం. గోడ వెంట మూడు అడ్డకర్రలు కట్టారు. వీపు మీద ఎవరూ లేకుండా గుర్రం తనంతట తానే దూకుతూ పోవాలి. ఫ్లీడర్ మొదటిది దూకింది. రెండోది ఎంత అలవోకగా దూకిందంటే, చూడ్డానికొచ్చి బల్లల మీద సాసేజ్ తింటున్నవాళ్ల నోళ్లు ఆగిపోయాయి. మూడోదాని దగ్గర ఫ్లీడర్ నిలబడింది. కర్రని చూసింది. కర్రకీ గోడకీ మధ్య సందు చూసింది. కడుపు లోపలికి లాక్కుని ఆ సందులోంచి నడిచి, అవతలున్న ఓట్స్ దాణా బకెట్టులో మూతి పెట్టింది.

శాలంతా గొల్లున నవ్వింది. వీబ్కె ఒక్కతే నవ్వలేదు.

ముగ్గురు టోపీలూ తలలు దగ్గర పెట్టారు. "తెలివి" అనే గుణం జాబితాలో లేదు. ఆకుపచ్చ టోపీ ఆవిడ ఎంత వెతికినా దొరికింది "దూకే సంకల్పం" ఒక్కటే. మైనస్ మూడు వేశారు. వెయ్యగానే టాబ్లెట్ ఎర్రబడింది.

"ఇది కుదరదు," అన్నాడు డాక్టర్ క్విస్టోర్ప్. "దీని తండ్రికి పుట్టిన రెండొందల మంది కూతుళ్లని కొలిచాం. లెక్క ప్రకారం దీనికి ప్లస్ రెండు రావాలి."

"మరి రాలేదుగా?"

"రాలేదంటే అది రక్తం తప్పు కాదు. ఆ అయిదు పాయింట్ల తేడా పరిసరాల ప్రభావం."

"పరిసరాలా? హాలు బాగానే ఉందిగా!"

"పరిసరాలంటే మీరమ్మా."

తొమ్మిదో అనుబంధం, నాలుగో పేరా ప్రకారం పరిసరాలని కూడా వర్ణించాలట, అంటే ఆవిడా గుర్రంలాగే పరిగెత్తి చూపించాలి. వీబ్కె కాసేపు ఆయన మొహంలోకి చూసింది. నవ్వుతాడేమోనని. నవ్వలేదు. సరే, అమ్మమ్మ గుర్రాల కోసం ఏం చెయ్యకూడదు? కోటు విప్పి హార్మ్ చేతికిచ్చి, రబ్బరు బూట్లతోనే ఇసకలో పరుగందుకుంది.

"తల పైకెత్తు వదినా! మూల దగ్గర తొందరపడకు!" అని అరుస్తూ పక్కన పరిగెత్తాడు హార్మ్.

"నోర్ముయ్యి, ఊపిరాడి చావట్లేదు!"

"అడుగు నేలకి దగ్గర, మైనస్ ఒకటి," అని రాసుకుంది ఆకుపచ్చ టోపీ. "వెనక భాగంలో బలం, ప్లస్ మూడు." బల్లల మీదవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇక దూకండి," అన్నాడు డాక్టరు. కర్రని మోకాలెత్తుకి దించారు. (వయసు రాయితీ.)

వీబ్కె రొప్పుతూ వచ్చి కర్ర ముందు ఆగింది. దాన్ని చూసింది. పక్కనున్న సందు చూసింది. కడుపు లోపలికి లాక్కుని అందులోంచి నడిచి అవతలికి వచ్చింది.

"అవతలికి రావాలి, అంతేగా? వచ్చాను. కాలు విరిగితే రేపు మా ఆవుల పాలు మీరు పిండుతారా?"

టాబ్లెట్ పచ్చబడింది. తప్పిపోయిన అయిదు పాయింట్లూ వీబ్కెలో దొరికాయి.

"స్పష్టంగా పరిసరాలే," అన్నాడు డాక్టర్ క్విస్టోర్ప్, తృప్తిగా. "యజమానురాలిని తీసేస్తే గుర్రం ఉత్తమం. పెద్ద పుస్తకంలో చేర్చుకుంటున్నాం."

వీబ్కె హార్మ్‌ని కౌగిలించుకుంది. తర్వాత ఫ్లీడర్‌ని. తర్వాత, పొరపాటున, డాక్టర్ని. సంఘం పంపిన ధ్రువపత్రాన్ని వంటింట్లో కాఫీ కెటిల్ పైన వేలాడదీసింది. "లోపములు యజమానురాలివి" అన్న వాక్యం కింద ముద్ర ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ హార్మ్ దాన్ని పైకి చదివి వినిపిస్తాడు. ఆవిడ ప్రతిసారీ వాళ్లకన్నా గట్టిగా నవ్వుతుంది.

ఆకులు రాలేవేళ సంఘం నుంచి ఒక లేఖ వచ్చింది. డాక్టర్ క్విస్టోర్ప్ పదవీ విరమణ చేశారట. ఆయన కుర్చీలోకి ఆయన కొడుకుని తీసుకున్నారట. వీబ్కె ఆఫీసుకి ఫోను చేసింది.

"అభినందనలండీ. ఒక్కటే సందేహం. ఆ అబ్బాయిని పరీక్షించిందెవరు?"

"పరీక్ష దేనికమ్మా?" అంది గుమాస్తా, నిజంగానే అర్థంకాక. "తండ్రి లెక్క మా దగ్గర ఉందిగా."