పాలు పోసిన పాపం

పాల సబ్బు ఇంట్లో చేసుకుని, అది కుదరలేదని దిగులుపడే అమాయకులను చూస్తే నాకు జాలేస్తుంది. సబ్బు పాడవడం కన్నా ఇంటికి మేలు చేసేది ఇంకొకటుందా? నమ్మకపోతే దేవరకొండ వచ్చి మా బాత్రూమ్‌ను అడగండి!

నేను ఊరికే చెప్పడం లేదు. పోయిన ఎండాకాలమంతా నా సొంత చర్మం మీద పరిశోధన చేశాను.

మా ఆవిడ స్వర్ణ పదేళ్లు కుట్టుమిషన్ తొక్కింది. నడుము పోతుంది, ఇక కూర్చుని కుట్టవద్దని దవాఖానలో చెప్పారు. మిషన్ మీద గుడ్డ కప్పేసి, నా చేత వంటింటి మూలకు జరిపించింది. అంతలో వాళ్ల మహిళా సంఘానికి నాగరాణి మేడం అనే ట్రైనర్ వచ్చి, మేకపాల సబ్బు మీద రెండు రోజులు శిక్షణ ఇచ్చింది. మూడోనాటికి మా వంటింట్లో కొబ్బరినూనె డబ్బా, కాస్టిక్ సోడా, చెక్క అచ్చు దిగాయి. మా వీధి చివర మేకలు పెంచే భద్రమ్మ పొద్దున్నే పాలచెంబుతో గుమ్మంలో నిలబడింది.

మొదటి సబ్బు. పాలలో సోడా పడగానే పాలు మాడి నారింజ రంగుకు తిరిగాయి. వాసన చూస్తే కళ్లలో నీళ్లు! స్వర్ణ కళ్లలోనైతే వాసన లేకుండానే వచ్చాయి.

నేను మాత్రం లాభాన్ని చూశాను. మా ఇంటి ఓనరు రామచంద్రం గారికి ప్రతి ఆదివారం వచ్చి, గోడలకు కొత్త మేకులు కొట్టామా అని చూసే అలవాటుంది. ఆ ఆదివారం గేటు దగ్గరే ముక్కు మూసుకుని, "అంతా మంచిదే గదా?" అని అటు నుంచి అటే వెళ్లిపోయారు. ఏ కంపెనీ సబ్బు ఇస్తుందండీ ఇంత రక్షణ?

రెండో సబ్బు. ఏదో చలి దేశపు వీడియోలో, అచ్చులో పోశాక దుప్పటి కప్పమన్నారట. మే నెల, దేవరకొండ, మధ్యాహ్నం రెండు గంటలు. స్వర్ణ సబ్బుకు దుప్పటి కప్పింది! అరగంటలో సబ్బుకు జ్వరమొచ్చి, పొంగి, అచ్చు దాటి, గట్టు దిగి నేల మీదికి నడిచొచ్చింది. ఆ దుప్పటి తనను తానే ఉతుక్కుంది. ఉతుక్కుని ఉతుక్కుని చిల్లులు పడింది. అయితే ఏం? ఎండాకాలంలో చిల్లుల దుప్పటికి మించిన సుఖమేముంది!

మూడోది గట్టిపడనే లేదు. నెలైనా హల్వాలాగే ఉంది. చెంచాతో తీసుకుని స్నానం చేయాలి. నా బామ్మర్ది డానియల్ మా ఇంటికొస్తే బాత్రూమ్‌లో గంటసేపు పాటలు పాడేవాడు. ఆ సబ్బు పుణ్యమా అని మూడు నిమిషాల్లో బయటికొచ్చి, "బావా, గది సబ్బేనా, గోడకేసే లప్పమా?" అని అడిగాడు. ఎన్ని బకెట్ల నీళ్లు మిగిలాయో చూడండి!

ఈ మాటలన్నీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వించాను. స్వర్ణ నవ్వలేదు. ఒకరోజు మాత్రం అంది: "నా నడుము పోయినప్పుడు గూడ గిట్లనే నవ్వితె అయిపోతుండె."

నేను నోరు మూసుకున్నాను. రెండు రోజులు.

నాలుగోసారి ఆమె ఏ వీడియో చూడలేదు. పాలను ముందురోజే ఫ్రిజ్‌లో గడ్డ కట్టించింది. మంచునీళ్ల టబ్బులో గిన్నె పెట్టి, పాలగడ్డల మీద సోడాను చెంచా చెంచాగా వేస్తూ ఓపికగా కలిపింది. దుప్పటి లేదు. నలభై రోజులు గాలికి ఆరబెట్టింది. నన్ను ఆ గదిలోకే రానివ్వలేదు.

నలభై ఒకటో రోజు నాకో బిళ్ల ఇచ్చింది. లేత బెల్లం రంగు. ఏ వాసనా లేదు. మా బోరునీళ్లకు కంపెనీ సబ్బులే నురగ రాక మొండికేస్తాయి, ఇది మెత్తగా నురగొచ్చింది. ఒళ్లు మండలేదు, దురద పెట్టలేదు. నేను హడలిపోయాను. వెక్కిరించడానికి ఏమీ లేదే!

"ఎట్లున్నది?" అంది తలుపు దగ్గరే నిలబడి.

"బాగుంది."

నేను ఒక్క మాటతో ఆగడం మా కాపురంలో అదే మొదటిసారి. స్వర్ణ వంటింట్లోకి వెళ్లి మిషన్ మీది గుడ్డ తీసి, దాన్ని నాలుగు ముక్కలు చేసి సబ్బుల కింద పరిచింది.

నకిరేకల్‌లో మహిళా సంఘాల మేళా జరిగితే స్టాలు పెట్టింది. జనం వచ్చారు, బిళ్ల పట్టుకున్నారు, వాసన చూశారు, పెట్టేశారు.

"పాల సబ్బంటే తెల్లగుండాలె గదమ్మా! గిదేంది, బెల్లం లెక్కున్నది?"

"పాల వాసనే వస్తలేదు. పాలు పోసినవా అసలు?"

"పోసిన అక్కా! పోసినందుకే గా రంగొచ్చింది," అని స్వర్ణ పొద్దంతా చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది. సాయంత్రానికి రెండు బిళ్లలు పోయాయి. ఒకటి నేనే కొన్నాను.

నాగరాణి మేడం వచ్చి, బిళ్లను వెలుగుకు పట్టి చూసి, డాక్టరులా అడిగింది.

"నిజం పాలే పోసినవా?"

"అవు మేడం."

"గక్కడనే వచ్చింది తప్పు!"

మేడం చెప్పిన మందు ఇది: పాలు తీసెయ్యాలి. తెల్ల రంగు వెయ్యాలి. పాల వాసనకు సీసా దొరుకుతుంది, నాలుగు చుక్కలు చాలు. రేపర్ మీద మేక బొమ్మ, పక్కన పిల్ల.

స్వర్ణ ఒక్కసారి చేసి చూసింది. మాడలేదు. పొంగలేదు. మెత్తబడలేదు. ట్యూబ్‌లైటులా తెల్లగా వచ్చింది. రెండో మేళాలో మధ్యాహ్నానికే స్టాలు ఖాళీ! "గిదీ పాల సబ్బంటే!" అని మెచ్చుకున్నారు. రాత్రి స్వర్ణ ఆ డబ్బులను లెక్కపెట్టకుండానే డబ్బాలో పడేసింది.

వారం తర్వాత భద్రమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"పాలు తెమ్మంటలేవు బిడ్డా. నా మేకలేమన్న తప్పు జేసినయా?"

స్వర్ణ ఒక తెల్ల సబ్బు ఆమె చేతిలో పెట్టింది. భద్రమ్మ మేక బొమ్మను వేలితో తడిమి, సబ్బును ముక్కుకు ఆనించుకుంది.

"అబ్బ, పాల వాసన మస్తుగొస్తాంది! నా మేకల పాలకు గింత వాసన యాడిదీ? ఎవల మేకలు బిడ్డా ఇవి?"

ఇరవయ్యేళ్లుగా పత్రికల్లో మాటలు అమ్ముకుంటున్న నేను గోడకేసి చూశాను. అక్కడ కొత్త మేకులేమీ లేవు.

"ఎవలవీ గావవ్వా," అంది స్వర్ణ. "గిండ్ల పాలే లేవు."

"పాలు లేని పాల సబ్బా? మరి మేకనెందుకేసిన్రు?"

స్వర్ణ ఆ సబ్బును ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుంది. "రేపటి సంది మల్ల తే అవ్వా," అంది.

కాబట్టి పాఠకులారా, వచ్చే మేళాలో మా స్టాలు ముందు ఆగితే మీకు బెల్లం రంగు బిళ్లలే కనిపిస్తాయి. వాసన రాదు. రేపర్ మీద బొమ్మ ఉండదు. మీకు నచ్చకపోతే స్వర్ణను ఏమీ అనకండి, పక్కనే నేనుంటాను, నన్ను తిట్టండి. తప్పు మాదే. అందులో పాలు పోశాం.