ఉదాహరణకు మాత్రమే

మొహల్లాలోని ప్రతి పౌరుడూ తన మూల విశ్వాసాన్ని పన్నెండు మాటలకు మించకుండా రాసి, శుక్రవారంలోగా కార్యాలయంలో దాఖలు చేయాలని ప్రకటన వెలువడింది. దాఖలు కాని విశ్వాసం మూఢనమ్మకంగా పరిగణింపబడుననీ, దానికి సంబంధించిన వస్తువులు శనివారం తోపుడుబండిలో తొలగింపబడుననీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. పెద్ద అక్షరాల్లో శుభాకాంక్షలున్నాయి.

మర్గిలాన్ పట్టణంలో పట్టు నేసేవాళ్ల వీధి అది. మొహల్లా పెద్ద తుర్సునాలీ గారు చాయ్‌ఖానా అరుగు మీద నిలబడి ప్రసంగించారు. "ఇన్నాళ్లూ మన విశ్వాసాలు గుండెల్లో పడి బూజు పట్టాయి. వాటిని కాగితం మీదికి తెచ్చి ఎండబెడదాం!" జనం చప్పట్లు కొట్టారు. కొట్టనివారి పేర్లు రాసుకోవడానికి గుమాస్తా ఉన్నాడు కనుక ఆ చప్పట్లు చాలాసేపు సాగాయి.

ప్రజల సౌకర్యార్థం గోడకు ఒక నమూనా అంటించారు: "నిజాయితీయే నా మూల విశ్వాసం, ఉదాహరణకు మాత్రమే." ప్రజలు ఆ సౌకర్యాన్ని పూర్తిగా వినియోగించుకున్నారు. తూకంలో తడి పట్టు కలిపే వ్యాపారి నుంచి పెళ్లిళ్లు కుదిర్చే ముసలమ్మ వరకు రెండు వందల పదకొండు మంది, నిజాయితీయే తమ విశ్వాసమనీ, అది ఉదాహరణకు మాత్రమేననీ సంతకం చేశారు. మొహల్లా చరిత్రలో ఇంత నిజం ఎన్నడూ దాఖలు కాలేదు.

మిగిలింది, వీధంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఖోసియత్ ఒక్కతే.

ఆమె వంటింటి గోడకు ఒక మేకు ఉంది. మేకుకు గుడ్డలో చుట్టి ఒక రొట్టె వేలాడుతోంది. రొట్టెకు ఒక పక్కన చిన్న పళ్ల గాటు. ఊరు దాటేవాళ్లు గడప దగ్గర రొట్టెను ఒక్క కొరుకు కొరికి వెళతారు. మిగిలినది వాళ్లు తిరిగొచ్చి తినేదాకా గోడకే ఉంటుంది. అది అక్కడ ఉన్నంతకాలం మనిషి తప్పక తిరిగొస్తాడని నమ్మకం. ఆ గాటు ఆమె చెల్లెలు ముయస్సర్‌ది. సరిహద్దుకు అవతల ఊరికి కోడలిగా వెళుతూ, "ఖర్బూజాల కాలానికి వచ్చేస్తా ఆపా" అంది. పందొమ్మిది ఖర్బూజాల కాలాలు గడిచాయి. రొట్టె ఇటుకలా అయింది. ఎలుకలు కూడా దాని మీద ఆశ వదులుకున్నాయి.

అరువు పుస్తకాలతో తనంతట తానే చదువు నేర్చుకున్న మనిషి ఖోసియత్. మూడు రోజులు కాగితం ముందు కూర్చుంది. పొరుగింటి బసోరత్ తొంగిచూసి, "గోడ మీది మాట దించెయ్యక ఏంటీ తిప్పలు ఆపా? నీకేమైనా బహుమతి ఇస్తారా?" అని నవ్వింది.

"అందులో నా రొట్టె లేదే!"

శుక్రవారం సాయంత్రం ఆమె దాఖలు చేసిన విశ్వాసం రెండు మాటలే: "ముయస్సర్ వస్తుంది."

తుర్సునాలీ గారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "ఇది విశ్వాసం కాదు ఖాలా, వార్త. వార్తకు తేదీ ఉండాలి. ఎప్పుడొస్తుంది?"

"తేదీ తెలిస్తే నమ్మడమెందుకు బాబూ? వెళ్లి బస్సు దగ్గర నిలబడనూ?"

"పైగా పది మాటలు ఖాళీగా వదిలేశారు. పైవాళ్లు మమ్మల్ని అడుగుతారు."

"చిన్నప్పుడు నీ ముక్కు తుడిచిన చేతులివి తుర్సునాలీ. అప్పుడు పైవాళ్లెవరూ అడగలేదు."

గుమాస్తా దగ్గు నటించాడు. కాగితం మీద "తిరస్కృతం" అనే ముద్ర పడింది.

శనివారం ఉదయం తోపుడుబండి ఖోసియత్ వాకిట్లో ఆగింది. దాని వెనకే ఒక కారు కూడా ఆగింది. విశ్వాసాల సేకరణలో అగ్రస్థానం సాధించినందుకు తుర్సునాలీ గారిని మూడు నెలల ఉన్నత శిక్షణకు రాజధానికి పిలిచారు. దారిలో ఈ చివరి మూఢనమ్మకాన్ని స్వయంగా తొలగించి వెళదామని ఆయన అనుకున్నారు.

"త్వరగా కానివ్వండి ఖాలా, నేను ఊరు వెళుతున్నాను" అంటూ ఆయన వంటింట్లోకి వచ్చారు.

ఆ మాట వినగానే ఖోసియత్ చేతులు వాటంతటవే కదిలాయి. తందూరులోంచి అప్పుడే తీసిన రొట్టెను ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన నోరు కూడా దానంతటదే తెరుచుకుంది. అభివృద్ధి గురించి మొదలైన వాక్యం మధ్యలో ఒక కొరుకు పడింది.

తుర్సునాలీ గారు నమిలారు. ఆమె చేతిలోని రొట్టెను చూశారు. గోడ మీది మేకును చూశారు. అక్కడ ఒకటే మేకు ఉంది.

"మరి ఇది... ఎక్కడ పెడతారు?" అని ఆయన అడిగారు.

"బండిలో వేయించనా బాబూ?"

"అయ్యయ్యో, ఏం మాటలవి ఖాలా! పొద్దున్నే! అక్కడే కట్టండి, మీ చెల్లెలి రొట్టె పక్కనే. కాస్త ఎత్తుగా. ఎలుకలు అందుకోకుండా."

బండి ఖాళీగా వెనుదిరిగింది. మొహల్లాలో మూఢనమ్మకాలు పూర్తిగా నిర్మూలింపబడినవని గుమాస్తా ఆ రోజే నివేదిక పంపాడు.

కారు మలుపు తిరిగేదాకా ఖోసియత్ గడపలోనే నిలబడింది. ఎవరు వెళ్లినా ఆమెకు దిగులే. పైగా ఇప్పుడు ఎదురుచూడాల్సినవాళ్లు ఇద్దరు.

పాఠకులు నవ్వుకోవచ్చు, అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక ఒక కాగితం తీసుకుని, మీ మూల విశ్వాసాన్ని పన్నెండు మాటల్లో రాయండి. పక్కవారి కాగితంలోకి చూడకుండా రాయాలని మనవి.