నంది మెడ, పాఠకుల కన్నీళ్లు

నిధుల వేట సీరియళ్లు జనాన్ని చెడగొడుతున్నాయని గొణిగే పెద్దలతో నాకు పేచీ ఉంది. అయ్యా, మన వరంగల్ జనానికి చరిత్ర మీద ప్రేమ పుట్టించింది ఎవరు? కోటలోని రాళ్లా? హైస్కూలు పాఠాలా? కానే కాదు. ప్రతి గురువారం బస్టాండులో దిగే వారపత్రికలోని సీరియల్!

సాక్ష్యం కావాలంటే హన్మకొండలో ఇత్తడి సామాన్ల దుకాణం నడిపే నా దోస్తు రామలింగాన్ని చూడండి. పత్రిక రాగానే గల్లా వదిలేసి పైకి చదివేవాడు. బిందె కొనడానికి వచ్చినవాళ్లు బిందె మాట మరిచి, "తర్వాత ఏమైంది సేటూ?" అంటూ అరుగు మీద కూలబడేవారు. ఇంతటి వయోజన విద్య ఏ సర్కారు అందించగలదు?

ఆ సీరియల్లో ఒక ప్రొఫెసర్ పాడుబడ్డ గుళ్లలో కాకతీయుల నిధి వెతుకుతుంటాడు. ఎండాకాలం మొదట్లో వచ్చిన భాగంలో, విలన్ వజ్రాల కోసం రాతినంది మెడ విరగ్గొట్టాడు. ఆ రోజు మా బజారంతా మైలపడ్డట్టు ఉంది. రామలింగం అన్నం ముట్టలేదు.

"కాకతీయుల నాటి నందిరా. వానికి చేతులెట్లొచ్చినయి?" అని నా ముందు కళ్లు తుడుచుకున్నాడు.

అంతటితో ఊరుకోలేదు. దుకాణంలోనే సభ పెట్టి, విలన్‌ను ఉరి తీయాలని, లేదంటే పత్రిక కొనబోమని ఎడిటర్‌కు ఉత్తరం రాయించాడు. చదువురాని హమాలీ ఎల్లస్వామి కూడా వేలిముద్ర వేశాడు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున రామలింగం భార్య కమల మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, జర మీ దోస్తుకు చెప్పుండ్రి. గడ్డపార వట్టుకొని పెరట్ల నంది మీదికి పోతాండు."

వాళ్ల పెరట్లోనూ ఒక నంది ఉంది. ఇల్లు కట్టేటప్పుడు పునాదుల్లో బయటపడింది. కమల రోజూ దాని నుదుట కుంకుమ పెడుతుంది. నేను వెళ్లేసరికే తల తెగి మట్టిలో పడి ఉంది. రామలింగం విరిగిన మెడను వేళ్లతో తడుముతున్నాడు.

"ఏం లేదురా. లోపలంత ఉత్త రాయే," అన్నాడు నిరాశగా.

"నందిని ఇరగ్గొట్టినోన్ని ఉరి తియ్యమంటివి గద?"

వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "గది కాకతీయుల నంది. గిది మా ఇంటిది."

కమల నంది తలను ఒళ్లోకి తీసుకుని, కొమ్ముల మీది మట్టిని కొంగుతో తుడుస్తూ కూర్చుంది. మేస్త్రీ వెంకట్రాజాన్ని తనే పిలిపించి సిమెంటుతో అతికించింది. తొలి వానకే ఊడింది.

పాఠకుల మొర మాత్రం వృథా పోలేదు. రచయిత కరిగిపోయాడు. విలన్‌ను పాము కాటేసింది, ప్రొఫెసర్ మంత్రం చదవగానే నంది మెడ అతుక్కుంది. రామలింగం బజారంతా పేడాలు పంచాడు. నాకూ ఒకటి పెట్టాడు.

కాబట్టి రచయితలకు నాదొక మనవి. కోటలో, పొలాల్లో, చెరువుగట్ల మీద ఇంకా మిగిలిన విగ్రహాలను దయచేసి తొందరగా మీ సీరియళ్లలోకి ఎక్కించండి. అక్కడైతే వాటి కోసం ఏడ్చేవాళ్లున్నారు.