కనబడని కర్టెన్ల కేసు

"లోకంలో బుర్రలు రెండు రకాలు. పనిచేసేవి, నాది," అని ప్రకటించాడు భూతద్దం, తిరగేసి తొడుక్కున్న చొక్కాకి గుండీలు వెతుక్కుంటూ.

కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించడం అతని ఉద్యోగం. అపరాధ పరిశోధన అతని జబ్బు. ఎక్కడికెళ్లినా జేబులో భూతద్దం ఉండాల్సిందే కాబట్టి వాళ్లక్క ఆ పేరు పెట్టింది. పెళ్లయిన ఈ రెండు నెలల్లో అతను తేల్చిన కేసులు రెండు: మాయమైన దువ్వెన, మాయమైన రెండో దువ్వెన. రెండూ అతని జేబులోనే దొరికాయి. అయినా కళ్లు చికిలించి గోడల్ని అనుమానంగా చూస్తుంటే అతని భార్యకి ఎంత ముద్దొచ్చేవాడో.

ఇవాళ మాత్రం ఆమెకి ముద్దు రావడం లేదు. ఆమె ఒక కర్టెన్ల షాపుకి ఇంటి నుంచే పనిచేస్తోంది. కొత్త కర్టెన్ల బొమ్మలతో నాలుగు వేల మందికి సాయంత్రం నాలుగింటికి ఈమెయిల్ వెళ్లాలి. మొదటి అక్షరం నుంచి చివరి రంగు దాకా ఆమె ఒక్కతే చేసిన మొదటి పని. పొద్దున నమూనాగా పంపి చూస్తే, ఆమె కంప్యూటర్లో నిగనిగలాడే ఆరు కర్టెన్లూ యజమాని ఫోన్లో ఆరు ఖాళీ డబ్బాలై కూర్చున్నాయి. మూడింటిలోగా సరిచేయకపోతే మెయిళ్ల పని బయటివాళ్లకి ఇచ్చేస్తానని, ఆమె మళ్లీ షాపుకొచ్చి గుడ్డ కొలవాల్సి ఉంటుందని ఆయన మెత్తగానే చెప్పాడు.

"ఆరుగురూ ఒకేసారి మాయం," భూతద్దం గొంతు తగ్గించాడు. "ఇది ముఠా పని."

"కర్టెన్లండీ."

"ప్రాణాలతో వాళ్లని ఆఖరిసారి చూసిందెవరు?"

"నేనే. ఇప్పుడూ చూస్తున్నాను. నాకు కనబడుతున్నాయి, అవతలివాళ్లకే కనబడటం లేదు."

అతను నోట్‌బుక్‌లో రాసుకున్నాడు: సాక్షి అందంగా ఉంది. మాటలకి పొంతన లేదు.

మొదటి అనుమానితురాలు మేడ మీద వాటాలో ఉండే వాళ్లక్క. నమూనా ఆమె ఫోన్‌కీ వెళ్లింది, అక్కడా ఆరు డబ్బాలే. పొద్దున తొమ్మిదింటికి ఎక్కడున్నావని నిలదీసి, వేలిముద్రలిమ్మన్నాడు.

"నీ ముక్కు తుడిచిన వేళ్లురా ఇవి," అందావిడ. "కిందికి పో."

కిందికొచ్చి, భార్య మొహానికి రాసుకునే పౌడరు సగం డబ్బా కీబోర్డు మీద ఒలకబోశాడు. దొరికిన ముద్రలన్నీ అతనివే. ఇక మిగిలింది పక్క వీధిలోని దుప్పట్ల షాపు అనీ, దుప్పట్లవాళ్లకి కర్టెన్లంటే మొదట్నుంచీ కంటగింపనీ తేల్చాడు. అప్పటికి రెండున్నరయింది. ఆమె రెండు చేతులూ జోడించింది.

"ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. వంటింట్లో ఏదైనా ఘోరం జరుగుతోందేమో చూసి రండి."

భూతద్దం మనసు చివుక్కుమంది. కానీ పరిశోధకుడు ఉత్త చేతులతో వెళ్లడు. జడ క్లిప్పు, టీ కప్పు, కంప్యూటర్‌కి గుచ్చి ఉండి ఎర్రగా మిణుకుమంటున్న పెన్‌డ్రైవ్ స్వాధీనం చేసుకుని, కవర్లో వేసి, టేపు అంటించి మరీ కదిలాడు.

ఆమె ఏడోసారి మెయిల్ తెరిచింది. ఈసారి ఆమె కంప్యూటర్లోనే ఆరు ఖాళీ డబ్బాలు. ఆమె వంటింటి గుమ్మం దాకా పరుగెత్తింది.

"ఏం చేశారు?"

"సాక్ష్యం భద్రపరిచాను."

ఆమె కవరు లాక్కుని, చించి, పెన్‌డ్రైవ్ పెట్టి చూసింది. కర్టెన్లు. పీకింది. డబ్బాలు. మళ్లీ పెట్టింది. కర్టెన్లు. అప్పుడు వెలిగింది. ఫొటోగ్రాఫర్ బొమ్మలన్నీ ఆ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు, తను అందులోంచే నేరుగా మెయిల్‌కి తగిలించింది. మెయిల్ మోసుకెళ్లేది బొమ్మల్ని కాదు, బొమ్మలు ఎక్కడున్నాయో చెప్పే చిరునామాని. నాలుగు వేల ఇళ్లలో ఈ ఒక్క పెన్‌డ్రైవ్ ఎక్కడ దొరుకుతుంది?

ఆరు బొమ్మల్నీ షాపు వెబ్‌సైట్లోకి ఎక్కించింది. మెయిల్లో ఒక్కోదానికీ అక్కడి పూర్తి చిరునామా రాసింది. బొమ్మల్ని దాచేసే ఫోన్లు కొన్ని ఉంటాయి కదా అని, బొమ్మ రాకపోయినా డబ్బాలో కనబడేలా కర్టెన్ రంగూ అంచూ మాటల్లో చెప్పింది. నొక్కిన ప్రతి మీటకీ గుప్పుగుప్పున పౌడరు లేచింది.

నమూనా మళ్లీ వెళ్లింది. ఆ ఆకుపచ్చది తన కిటికీకి కావాలని వదిన మేడ మీంచి కేకేసింది. మూడింటికి అయిదు నిమిషాలుందనగా యజమాని ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ ముందు బొమ్మల్ని దాచిందట. కానీ డబ్బాలో "సముద్రపు నీలం, వెండి అంచు" అని చదివి, అదెలా ఉంటుందో చూడాలనిపించి, బొమ్మలు చూపించమని నొక్కాడట.

"వచ్చే నెల మెయిల్ కూడా నువ్వే చెయ్యమ్మా," అన్నాడాయన.

ఆమె ఫోన్ పెట్టేసి కుర్చీలోనే గిర్రున ఒక చుట్టు తిరిగింది. భూతద్దం నోట్‌బుక్ తెరిచి సిద్ధంగా ఉన్నాడు.

"నేరస్థుడెవరు?"

"నేనేనండీ. పెన్‌డ్రైవ్‌లోంచి తగిలించింది నేనే కదా."

అతను అటు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో రాశాడు. ఆమె మునివేళ్ల మీద లేచి భుజం మీంచి తొంగి చూసింది.

కేసు తేలింది. నేరస్థురాలి ఆచూకీ దొరకలేదు. గాలింపు సాగుతోంది.

ఆమె అతని భుజం మీద గడ్డం ఆనించింది. "ఎందాకా వచ్చిందండీ గాలింపు?"

"దగ్గర్లోనే ఉందని సమాచారం," అన్నాడు భూతద్దం, ఇటు తిరగకుండానే.