పడుకున్న గోధుమ ఎత్తు

గోధుమ దిగుబడిని ఇకమీదట తూకం వేయనక్కర్లేదని, టేపుతో కొలిస్తే సరిపోతుందని మెక్సికో ఉత్తరాన మా రాష్ట్ర వ్యవసాయ మంత్రి లిసెన్సియాడో, అంటే పట్టభద్రులు, ఎవరార్దో మోంతానియో గారు ప్రకటించారు. తూకమంటే కోతల దాకా ఆగాలి. టేపయితే ఎన్నికల ముందే తేలిపోతుంది. ప్రపంచంలో ఇంతమంది శాస్త్రవేత్తలుండీ ఈ చిన్న సంగతి ఒక్కరికీ తట్టకపోవడం విచారకరం.

ఈ ఘనతలో కొంత ఒతీలియా అర్మెంతాకూ దక్కాలి. ఆవిడ ప్రభుత్వ విత్తన క్షేత్రంలో ఇంజనీరు; మా దగ్గర వ్యవసాయ శాస్త్రవేత్తల్నీ అలాగే పిలుస్తారు. గోధుమ మొక్క ఏ లక్షణానికీ గింజ దిగుబడికీ ఎంత సంబంధముందో తేల్చి ముప్ఫై పేజీల నివేదిక రాసింది. నీళ్లు కట్టని మెట్ట మడుల్లో పొడుగు మొక్కలే ఎక్కువ గింజలిచ్చాయని మొదటి పేజీలో ఉంది. నీళ్లూ ఎరువూ పుష్కలంగా ఉన్నచోట లెక్క తిరగబడుతుందని, పొడుగు మొక్క నేల కరుస్తుందని రెండో పేజీలో ఉంది. మంత్రిగారు ఏ కాగితమైనా ఒక్క పేజీకి మించి చదవరు. అది ఆయన క్రమశిక్షణ. ఇక మా లోయంటారా, మొత్తం కాలువ కిందే ఉంది.

ఆ వారమే ఉత్తర్వు వచ్చింది. నూట పది సెంటీమీటర్లకు తగ్గిన రకమేదీ రైతులకు విడుదల కాదు. అలాంటి వాటి నిల్వ గింజలన్నీ కోళ్ల దాణాకు పంపేయాలి. ఒతీలియా పద్నాలుగేళ్లు కష్టపడి తయారుచేసిన నలభై ఏడో రకం ఎత్తు ఎనభై రెండు. గట్టి కాడ, బరువైన కంకి, ఎంత గాలికీ ఒరగదు. దాని బస్తాలు లారీ ఎక్కుతుంటే ఆవిడ చూస్తూ నిలబడింది. ఇక మిగిలింది అప్పటికే విత్తేసిన ఒకే ఒక్క మడి. అది పండితే మళ్లీ విత్తనం కట్టుకోవచ్చని రోజులు లెక్కపెట్టుకోసాగింది.

మార్చిలో క్షేత్ర దినోత్సవం జరిగింది. ఏటా ఆ రోజు రైతులొచ్చి మడుల్లో తిరిగి, కంకులు అరచేతిలో నలిపి ఊది చూసి, కాల్చిన మాంసంతో గోధుమ రొట్టెలు తిని వెళతారు. ఈసారి మంత్రిగారి ముద్దుల పొడుగు రకం ముందు వరసలో ఉంది. నిగనిగలాడాలని ముందురోజు దానికి నిండా నీళ్లు కట్టించారు. తర్వాత గాలి లేచింది. మంత్రిగారు కారు దిగేసరికి మడి మొత్తం నేలకు అతుక్కుపోయి ఉంది.

"పడుకుందండీ," అన్నాడు దొన్ చేమా అనే ముసలి రైతు.

మంత్రిగారి సలహాదారు వంగి, పడున్న మొక్కను అలాగే కొలిచాడు. నూట నలభై ఒకటి.

"పడుకున్నంత మాత్రాన మనిషి పొట్టివాడైపోతాడా పెద్దాయనా?" అని మంత్రిగారు అడిగారు.

పొట్టివాడు కాడని దొన్ చేమా ఒప్పుకున్నాడు. "కాకపోతే మనిషిని కోత మిషను పెట్టి ఎత్తక్కర్లేదు కదండీ."

ఇక ఫొటో సంగతి. గోధుమ మంత్రిగారి ఛాతీ దాకా వచ్చిందని పత్రికలకు ముందే చెప్పేశారు. గోధుమ లేవదు కనుక మంత్రిగారే దాని పక్కన పడుకున్నారు. అధికారులు హోదాల వారీగా ఆయన పక్కన సర్దుకున్నారు. మర్నాడు పత్రిక ఆ ఫొటోను నిలువుగా తిప్పి వేసింది. చాలా బాగా వచ్చింది. గవర్నరుగారు చూసి ముచ్చటపడి, పది రోజుల్లో తానే వచ్చి ఆ మడిలో నిలబడతానని కబురు పెట్టారు.

గవర్నరుగారిని పడుకోబెట్టడం మర్యాద కాదు. సలహాదారు ఆదరాబాదరాగా ఒతీలియా దగ్గరికి వచ్చాడు.

"ఇంజనీరమ్మా, మీ క్షేత్రంలో నిలబడి ఉన్న గోధుమేదైనా ఉందా?"

"నలభై ఏడు ఒక్కటే."

"అది పొట్టిది కదమ్మా?"

"పొట్టిది కాబట్టే నిలబడింది."

అయితే దాన్ని మొదలంటా కోసి పొడుగాటి రెల్లు కర్రల కొసలకు కట్టిద్దామన్నాడు సలహాదారు. గింజ ఇంకా పాల మీదే ఉందని, ఎండడానికి నెల పడుతుందని, కనీసం ఒక్క వరసైనా వదిలేయమని ఒతీలియా బతిమాలింది. మధ్యలో ఖాళీ కనబడితే గవర్నరుగారు ఏమనుకుంటారని ఆయన అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల శాస్త్రం ఇంకా పుట్టలేదు. గవర్నరుగారు వచ్చే రోజు పొద్దున్నే నలభైమంది కూలీలు మడంతా కోసి, గుత్తులు గుత్తులుగా కర్రలకు కట్టి ముందు వరస మడిలో పాతారు. ఒతీలియా విత్తనాల గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది.

గవర్నరుగారు ఛాతీ దాకా గోధుమలో నిలబడ్డారు. టేపు నూట నలభై రెండు చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. దొన్ చేమా అలవాటు కొద్దీ ఒక కంకి తుంచి నలిపాడు. పొట్టూ, తెల్లటి తడీ తప్ప చేతికేమీ రాలేదు. అరచేయి ప్యాంటుకు తుడుచుకుని, ఒతీలియా వంక చూడలేక వంట పొయ్యిల వైపు నడిచాడు.

నెల తిరక్కుండా ఒతీలియాకు మంత్రిగారి సంతకంతో అభినందన పత్రం వచ్చింది. నలభై ఏడో రకం నూట నలభై రెండు సెంటీమీటర్లతో అర్హత సాధించినందున లోయ మొత్తానికి విడుదల చేస్తున్నామని, వారంలోగా నలభై టన్నుల విత్తనం పంపవలెనని అందులో ఉంది.