రాజయ్యకు మొలిచిన మీసం

ఆ పొద్దు రామచంద్రం అనుకున్న పని చిన్నదే. కరెంటు పోకముందే రాజయ్య దశదినకర్మ కార్డు తయారుచేసి, ఫ్లాపీ ప్రెస్సుకు పంపాలి. మంచిర్యాలలోని ఆ డీటీపీ సెంటర్‌కు అతడొక్కడే ఆపరేటర్. ఇంటిల్లిపాదిలో మొదటి డిగ్రీ అతనిదే కాబట్టి, చావు కార్డునైనా పరీక్ష రాసినంత శ్రద్ధగా చేసేవాడు.

రాజయ్య కొడుకు అంబదాస్ తండ్రి గుర్తింపు కార్డు తెచ్చాడు. దాని మీది ఫొటో తప్ప ఆయన బొమ్మ ఇంకెక్కడా లేదు. ఆఫీసు ముద్ర ఒకటి ఆ ఫొటోలో పైపెదవి మీదుగా వంపు తిరిగి పోయింది.

"జర మంచిగ తియ్యి రామచంద్రమన్నా. సుల్తానాబాద్‌ల మా పెద్దబాపు కైలాసం గీ కార్డు జూసన్న రావాలె. మగ్గాలు పంచుకున్న కాడ లొల్లయింది. గప్పటిసంది మాటల్లేవు. సావుకు సుత రాలే. పానం పొయ్యేటప్పుడు బాపు 'అన్నొచ్చిండా' అనే అడిగిండు. ఆయన రాకుంటె పిట్ట ముట్టది."

కర్మనాడు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోతే, పోయినవాడి కోరిక తీరనట్టే లెక్క.

"ఫికర్ జెయ్యకు" అన్నాడు రామచంద్రం. "ఫొటో అట్లనే అచ్చేస్తె మసి పూసినట్టొస్తది. గీతల బొమ్మగ మారుస్త. ఎంత పెద్దగ జేసినా చెదరది."

కంప్యూటర్ ఫొటోలోని నలుపునంతా వెతికి, అంచుల వెంట గీతలు గీసింది. బొమ్మను నిండుగా చూపమంటే ఆ పాత యంత్రం ప్రతి కదలికకూ కునుకు తీసేది. అందుకని రామచంద్రం ఎప్పటిలాగే వట్టి గీతలు కనిపించే పద్ధతిలోనే పనిచేశాడు. తెర మీద రాజయ్య తీగలతో అల్లిన పంజరంలా ఉన్నాడు. ముద్ర వంపు ఆ తీగల్లో ఒక తీగ. ఫ్లాపీలోకి ఎక్కించి, చివరిసారి నిండుబొమ్మ చూద్దామనుకునేసరికి కరెంటు పోయింది. ప్రెస్సు మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. రామచంద్రం ఫ్లాపీ ఇచ్చేశాడు.

అచ్చులో ఆ ముద్ర తీగ లోపల నలుపు నిండి, రాజయ్యకు గుబురు మీసం మొలిచింది. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ముఖం. మీసం ఉన్నది మాత్రం కైలాసానికే.

ప్రెస్సు నుంచే కార్డుల కట్ట బస్సులో సుల్తానాబాద్ వెళ్లింది. చావు కార్డును ఎవరూ గడప లోపలికి తేరు. వాకిట్లోనే ఒకసారి చూసి వదిలేస్తారు. కళ్లద్దాలేమో లోపల ఉంటాయి. చుట్టాలంతా ముఖం చూశారు, పేరు చదవలేదు.

"చిన్నన్న పోయి పది దినాలన్న గాలే, పెద్దన్న సుత పాయెనా!" అంటూ చెల్లెలు సత్తమ్మ కైలాసం ఇంటికి వచ్చి, వదిన శంకరవ్వ మెడ పట్టుకుని ఏడ్చింది. రాజయ్య కోసమే అనుకుని శంకరవ్వ కూడా గొంతు కలిపింది.

"మళ్ల ఎవలు పోయిండ్రే?" జొన్న గట్క తింటున్న కైలాసం లోపలినుంచి కేకేశాడు.

శంకరవ్వ సత్తమ్మ చేతిలోని కార్డు చూసింది. "నువ్వే పోయినవంట."

సత్తమ్మ లోపలికి తొంగిచూసింది. "కార్డులు పంచినంక గూడ గట్క తింటున్నవా అన్నా!"

చీకటి పడేదాకా జనం వస్తూనే ఉన్నారు. దండలు వచ్చాయి. ఒకాయన పాడెకు బొంగులు మోసుకొచ్చాడు. తీసుకుపొమ్మంటే, "ఉండనియ్యిరి, ఎప్పటికైనా పనికొస్తయి" అని గోడకు ఆనించి పోయాడు. కైలాసం వాకిట్లో కళ్లద్దాలు పెట్టుకుని కార్డు చదివాడు. తన ముఖం, కింద తమ్ముడి పేరు. తెల్లారగానే చేతికర్రతో రైలెక్కాడు.

గోదావరి ఒడ్డున అంబదాస్ ముద్ద పెట్టి చాలాసేపైంది. కాకులు కొమ్మ దిగడం లేదు. అచ్చయిన కార్డు చూసి తన తప్పు తెలుసుకుని పరుగెత్తుకొచ్చిన రామచంద్రం, క్షమాపణ చెప్పడానికి అంబదాస్ వైపు అడుగు వేశాడు. అంతలో ఇసుకలో కర్ర ఊపుతూ కైలాసం వచ్చాడు.

"ఏడిరా అంబదాసు? బతికున్నోనికి దినాలు జేస్తావుర?"

అంబదాస్ నోరు తెరిచేలోగా ఆయన చూపు ఇస్తరాకు మీద పడింది. కర్ర కిందికి దిగింది.

"గట్క వెట్టలేరా? వాడు గట్క లేంది తినడు" అన్నాడు. ముఖం నది వైపు తిప్పుకున్నాడు.

ఒక కాకి దిగి ముద్దను పొడిచింది. అంబదాస్ ఇసుకలో కూలబడి ఏడ్చాడు.

కాసేపటికి కైలాసం రామచంద్రం ముందుకు వచ్చాడు. "గీ బొమ్మ జేసింది నువ్వేనా?"

"తప్పయింది పెద్దయ్యా. ఇప్పుడే పొయ్యి తుడిపేస్త."

"తుడుపకు. మీసం మంచిగొచ్చింది. నా కార్డుకు గిదే వెట్టు. బొంగులు ఎట్లాగు ఇంట్లనే ఉన్నయి."