గుట్ట కాలనీలో మేయరు గారు కష్టపడిన వారం

నీళ్లు అందరికీ సమానమనీ, గుట్ట మీదున్నవాడికీ గుట్ట కిందున్నవాడికీ దాహం ఒక్కటేననీ మేయరు గారు సభలో ప్రకటించారు. ఇంత గొప్ప విషయం తమకింతవరకు తట్టనందుకు సభ్యులు సిగ్గుపడి చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో ఆయన ఇంకో మాట కూడా అనేశారు. నీళ్లు రాని పేటలో వారం రోజులు సామాన్యుడిలా కాపురముండి, ఆ కష్టమేమిటో స్వయంగా చూసి, కొత్త పైపులైను ఎవరికి వెయ్యాలో అప్పుడు తేలుస్తానన్నారు.

ఆ పేట మాది. ఆ సామాన్యుణ్ణి నేను. ఊరు పెరిగి పెరిగి మా గుట్టెక్కింది గానీ, నీళ్లు ఎక్కలేదు. నాది ఇస్త్రీ కొట్టు. మేయరు గారి తెల్లచొక్కాలు నా దగ్గరికే వస్తాయి కాబట్టి, ఆయనకు పరిచయమున్న పేదవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఆవిడ కింది వీధి కుళాయి నుంచి బిందెలు మోసి మోసి, కుడి భుజం పైకి లేవడం మానేసింది. బరువులెత్తొద్దని డాక్టరు చెప్తే, నీళ్లు కూడానా అని అడిగి వచ్చింది.

ఆయన దిగబోయేది మా ఇంట్లోనే కాబట్టి, ముందుగా నీళ్ల ఇంజనీరు వచ్చి మా ఇల్లు పరీక్షించాడు.

“సారు స్నానం ఎక్కడ చేస్తారు?”

“మాలాగే సార్. చెంబెడు నీళ్లతో, ఆ మూల.”

ఇంజనీరు మొహంలో రంగు మారింది. “కష్టం చూడ్డానికి వస్తున్న మనిషిని కష్టపెడతామా?” అన్నాడు.

మర్నాటికి గుట్ట కింద పంపు బిగించారు. మా వాకిట్లో కుళాయి మొలిచింది. తిప్పితే నీళ్లు వచ్చాయి. మా ఆవిడ వాటి కింద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. నీళ్లు వృథా అవుతున్నాయని ఇంజనీరు కట్టేస్తే, మళ్లీ తిప్పింది. ఈసారి ఆయన కట్టలేదు.

మేయరు గారు నిరాడంబరంగా ఒక పరుపుతో, ఒక ఫ్యానుతో, ఒక ఫొటోగ్రాఫరుతో వేంచేశారు. తెల్లవారగానే బకెట్టు పట్టుకుని ఫొటోకి అనువుగా వాకిట్లో నిలబడ్డారు.

“పద తమ్ముడూ, నీళ్లకి వెళ్దాం.”

“ఇక్కడే వస్తున్నాయి సార్.”

“ఎప్పుడాగుతాయి?”

“ఆగట్లేదు సార్.”

ఆయన బకెట్టు కింద పెట్టేశారు. నిజంగానే నొచ్చుకున్నారు పాపం. కుళాయి కాసేపు కట్టించమంటారా అని ఇంజనీరు అడిగితే, “మరి నా స్నానం?” అన్నారు. కష్టం కోసం ఆయన వీధులన్నీ తిరిగారు. ఆయన వెళ్లబోయే ప్రతి వీధికీ ఆయనకంటే ముందే చెత్తబండీ, దీపాలవాళ్లూ వెళ్లొచ్చేవారు. సాయంత్రం మా అరుగు మీద కూలబడి అడిగారు.

“దాచకుండా చెప్పు తమ్ముడూ. మీకసలు కష్టాలున్నాయా?”

“ఉండేవి సార్. మీరొస్తున్నారని తెలిసి పోయాయి.”

పక్కింటి అవ్వ వాకిట్లోంచి పలకరించింది. “నాయనా, నీ పదవి ఇంకా ఎన్నాళ్లుంది?”

“మూడేళ్లుంది అవ్వా.”

“అన్నాళ్లూ ఇక్కడే ఉండిపోరాదూ. కూర నేను పంపిస్తాలే.”

ఆయన ఎంతో సంతోషించారు. ప్రజలకు తన మీదున్న ప్రేమ అనుకున్నారు.

వారం సగం గడిచాక గుట్ట కింద కారు ఆగింది. మేయరు గారి భార్య మెట్లెక్కి వచ్చింది. రెండు చేతుల్లోనూ ఖాళీ బకెట్లు.

“మీకేమండీ, హాయిగా ఉన్నారు. మీరొచ్చిన్నాటి నుంచీ మన వీధిలో చుక్క నీళ్లు లేవు.”

మేయరు గారు ఇంజనీరు వంక చూశారు.

“ఉన్న నీళ్లు అవే సార్. ఇటు ఎక్కిస్తే అటు రావు. సమానం చెయ్యాలంటే పంచాలి కదా సార్.”

“నేను సమానం చెయ్యమన్నానయ్యా. పంచమన్నానా?” అన్నారు మేయరు గారు.

మా ఆవిడ బకెట్లు నింపి, ఒకటి తనే ఎడమచేత్తో అందుకుంది. “నాకలవాటేనమ్మా, పదండి” అంది. సగం మెట్లు దిగేసరికి మేయరమ్మ ఆయాసంతో కూర్చుండిపోయింది.

“రోజూ ఇంతేనా నీకు?”

“మొన్నటిదాకానమ్మా. అయినా మేం నిండు బిందెలతో దిగం, ఎక్కుతాం.”

మేయరమ్మ మా ఆవిడ భుజం వైపు చూసి, కూర్చోమని చోటిచ్చింది. ఇద్దరూ కాసేపు ఆ మెట్టు మీదే పక్కపక్కన కూర్చున్నారు. అన్నాళ్లూ తీయడానికి ఒక్క కష్టం దొరక్క ఈగలు తోలుకుంటున్న ఫొటోగ్రాఫరు పరుగున వచ్చాడు. మా ఆవిడను కాస్త పక్కకు జరగమన్నాడు.

మర్నాడు పేపర్లన్నిటా మేయరమ్మే. చెదిరిన జుట్టు, చెమట పట్టిన నుదురు, పక్కన బకెట్టు. ఊరు ఊరంతా అయ్యో అంది.

వారం ముగించుకుని మేయరు గారు సభలో నివేదిక చదివారు. గుట్ట కాలనీలో రాత్రింబవళ్లు నీళ్లు వస్తున్నాయని, అక్కడే ఉండి కళ్లారా చూశానని సాక్ష్యం చెప్పారు. నీటి కోసం ఒక ఇల్లాలు మెట్లెక్కి దిగుతున్న దృశ్యం తనను కలచివేసిందని చెప్తూ గొంతు సవరించుకున్నారు. ఆ ఇల్లాలు ఉంటున్న వీధికి కొత్త పైపులైను ఏకగ్రీవంగా మంజూరైంది. అవసరం అక్కడే ఎక్కువ గనక మా పంపు కూడా విప్పుకుపోయారు. విప్పుతున్నంతసేపూ ఇంజనీరు మా ఆవిడ మొహంలోకి చూడలేదు. పోతూ పోతూ గుట్ట మొదట్లో ఒక బోర్డు పాతించాడు: ‘నీటి ఎద్దడి లేని ఆదర్శ కాలనీ’.

మేయరమ్మ ఫొటో చూసినప్పటి నుంచీ మా కాలనీ ఆడవాళ్ల మనసు మనసులో లేదు. నిన్న పొద్దున్నే అందరూ కలిసి ఆవిణ్ణి పరామర్శించడానికి బయల్దేరారు. మా ఆవిడే ముందు నడిచింది. చేతులూపుకుంటూ వెళ్తే బాగుండదని తలా రెండు బిందెలు పట్టుకెళ్లారు.